కోసిన పండుకు ఓజోన్ కావలి



ఎండలు ముదిరే వేళకు తిరువూరు, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం తోటలలోని మామిడికాయ లారీలకెక్కి దక్షిణముఖంగా ప్రయాణమవుతుంది. ఆ దారి ఇబ్రహీంపట్నం వద్ద హైదరాబాదు పెద్దరోడ్డులో కలుస్తుంది. నూజివీడు, ఆగిరిపల్లి ప్రాంతాల కాయ విజయవాడ పొలిమేరలోని నున్న మార్కెట్టుకు చేరుతుంది. బంగినపల్లి కాస్త గట్టి కాయ కనుక ఉత్తరాది నగరాల దాకా పోగలదు. చిన్న రసాలకు, పెద్ద రసాలకు ఆ యోగం లేదు. రసం ఎక్కువ, ఓర్పు తక్కువ. నాలుగు నాళ్ళు ఆలస్యమైతే బుట్టలోని అడుగు పండ్లు చితికి, వాటి తడి పై పండ్లకు కూడా అంటుతుంది.

మార్కెట్టులో కాయకు ధర కట్టేటప్పుడు రంగును, బరువును, రుచిని చూస్తారని మనము అనుకుంటాము. అవి చూడడము నిజమే. కాని వాటన్నిటికంటె ముందు వ్యాపారి చూసేది మరొకటి ఉన్నది. ఈ కాయ ఇంకెన్ని రోజులు నిలుస్తుంది? రేపటికి ఆగలేని సరుకు తెచ్చిన రైతు ఈరోజు చెప్పిన ధరకు తల ఊపవలసినదే. మరి పది రోజులు ఆగగల సరుకు ఉన్నవాడు మరొక బేరము అడిగి చూడగలడు. కోసిన పండుకు నాలుగు రోజులు ఆయువు పోయడమంటే రైతుకు నాలుగు రోజులు మాటాడే బలము ఇవ్వడమే.

ఈ నష్టము ఎంతటిదో లెక్క ఉన్నది. భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన లూధియానా కోతానంతర సాంకేతిక సంస్థ 2015లో ప్రకటించిన అధ్యయనములో, దేశము మొత్తము మీద మామిడి నూటికి 9 పాళ్ళకు పైగాను, జామ దాదాపు 16 పాళ్ళును కోత మొదలు అమ్మకము లోపలనే పాడైపోతున్నట్లు తేలినది. చెట్టుకు నీరు పెట్టి, మందు కొట్టి, కాపలా కాసి, కూలి ఇచ్చి కోయించిన తరువాత కలిగే నష్టమిది. అందుకే తోటల వారు, వ్యాపారులు, చివరకు గృహిణులు కూడా ఈమధ్య ఓజోన్ అనే పేరు ఎత్తుతున్నారు. ఆ వాయువు నిజముగా ఏమి చేయగలదు, ఏమి చేయలేదు అన్నదే ఈనాటి మా ప్రసంగ విషయము.

మొదట పండు ఎందుకు చెడుతుందో తెలుసుకోవాలి. కోసిన కాయ ప్రాణము పోయిన వస్తువు కాదు. చెట్టునుండి విడిపడిన తరువాత కూడా అది శ్వాసిస్తూనే ఉంటుంది. ప్రాణవాయువును తీసుకొని బొగ్గుపులుసు గాలిని విడుస్తుంది. తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. మామిడి, అరటి, జామ వంటి పండ్లలో ఒకానొక దశలో ఈ శ్వాస ఒక్కసారిగా ఉధృతమవుతుంది. పచ్చికాయ పండుగా మారేది అప్పుడే. ఒకసారి ఆ దశ దాటినదంటే పండు వెనుకకు తిరిగి రాదు.

ఈ మార్పుకు తాళపుచెవి వంటిది ఇథిలీన్ అనే వాయువు. 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే శాస్త్రజ్ఞుడు, దీపాలకు వాడే గ్యాసులోని ఇథిలీన్ మొక్కల పెరుగుదలను మార్చుతున్నదని గుర్తించినాడు. పండ్లే స్వయముగా ఈ వాయువును పుట్టిస్తాయని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ నిరూపించినాడు. ఒక పండు మాగితే ప్రక్క కాయలు త్వరపడడము మన పెద్దలు ఎన్నడో కనిపెట్టినదే. వరిగడ్డిలో కాయలు మాగవేసేటప్పుడు నడుమ ఒక పండిన పండును పెట్టే అలవాటు మన ఇండ్లలో కలదు. ఆ అలవాటు వెనుకనున్న రసాయనము పేరు ఇథిలీన్.

రెండవ శత్రువు బూజు. తోటలోని గాలిలో, ఆకులమీద, మట్టిలో కంటికి కనుపించని శిలీంధ్రబీజములు కోట్లకొలది ఉంటాయి. కాయ తోలు గట్టిగా ఉన్నంతకాలము అవి బయట వేచియుంటాయి. గోరు గీత, రాతి దెబ్బ, సొన కాలిన మచ్చ దొరికితే అక్కడ కాపురము పెడతాయి. ఇక మూడవది తేమ నష్టము. ఎండలో నిలిచిన లారీలో కాయ నీరు కోల్పోయి ముడుతలు పడుతుంది. శ్వాస, బూజు, వాడుట అనే ఈ మూడు బాధలకు మూడు వేరు వేరు చికిత్సలు కావాలి. ఒకే మందుతో మూడూ కుదురుతాయని చెప్పేవారిని కొంచెము అనుమానించడము మంచిది.

కాయను నిలువజేయడము చేతగాని చోట మరొక మార్గము తలయెత్తినది. కాయను ముదరకముందే కోసి, కాల్షియం కార్బైడు పొట్లాలు నడుమ పెట్టి రంగు తెప్పించడము. కార్బైడుకు తేమ తగిలితే అసిటిలీన్ వాయువు పుడుతుంది. అది ఇథిలీన్‌ను అనుకరించి తోలుకు పసుపు పూస్తుంది. లోపలి కండ మాత్రము పులుపు వీడదు. అంతకంటె భయంకరమైనది, ఆ కార్బైడులో కలిసియుండే ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లేశములు. మన దేశములో పండ్లకు దీని వాడకము నిషిద్ధము. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆ నిషేధాన్ని స్పష్టముగా చెప్పినవి. దానికి బదులుగా ఇథిలీన్ వాయువును పదిలక్షల పాళ్ళ గాలికి 100 పాళ్ళకు మించకుండ మాగవేసే గదులలో వాడుకొనుటకు 2016లో అనుమతి లభించినది. ఇథిలీన్ మాగుటను తొందరపెట్టేది. మనము చెప్పుకొనబోయే ఓజోన్ ఆ తొందరను ఆపజూచేది. రెండింటి దారులు ఎదురెదురు.

ఓజోన్ అంటే ఏమి? మనము పీల్చే ప్రాణవాయువులో అణువుకు రెండేసి పరమాణువులు ఉంటాయి. మూడవ పరమాణువు వచ్చి కూడితే అది ఓజోన్. 1785లో హాలండులో వాన్ మారుమ్ అనే పండితుడు తన విద్యుత్ యంత్రము చుట్టూ ఒక వింత వాసన వస్తున్నదని గమనించినాడు. ఆ వాసన ఒక ప్రత్యేక పదార్థానిదని 1840లో స్విట్జర్లాండులోని బాజెల్ నగరములో షోన్‌బైన్ ప్రకటించి, వాసన అనే అర్థమిచ్చే గ్రీకు మాటనుండి దానికి ఓజోన్ అని పేరు పెట్టినాడు. పిడుగు పడిన తరువాత గాలిలో వచ్చే ఘాటైన వాసనలో దీని పాలు ఉన్నది.

మూడవ పరమాణువు ఈ కూటమిలో ఇష్టపడి ఉండదు. ఏది దొరికితే దానిమీదికి దూకి, దానిని దహించి, తాను విడిపోతుంది. బూజు బీజముయొక్క, సూక్ష్మక్రిముయొక్క పైపొరను ఓజోన్ ఇట్లే చీల్చివేస్తుంది. పని ముగిసిన తరువాత మిగిలేది మామూలు ప్రాణవాయువు. పండుమీద మందు అవశేషము నిలువదు. ఓజోన్‌కు వచ్చిన ఖ్యాతికంతకూ మూలము ఈ గుణమే. ఈ అస్థిరత వలననే దానిని సీసాలలో నింపి అమ్మడము కుదరదు. ఎక్కడ వాడుతామో అక్కడనే పుట్టించుకోవాలి. 1857లో జర్మనీలో వెర్నర్ సీమెన్స్ నిర్మించిన గొట్టము ఇందుకు మార్గము చూపినది. ఎండిన గాలిని రెండు పలకల నడుమ నడిపి, అధిక పీడనపు విద్యుత్తును ప్రయోగిస్తే కొంత ప్రాణవాయువు ఓజోన్‌గా మారుతుంది. నేటి యంత్రములలో అధికభాగము ఈ సూత్రముపైననే నడుస్తున్నవి.

ఫ్రాన్సులోని నీస్ నగరములో 1906నుండి త్రాగునీటిని ఓజోన్‌తో శుద్ధి చేస్తూ వచ్చినారు. ఆహారపదార్థములకు నేరుగా, వాయురూపములోను నీటిలో కలిపియును వాడుకొనుటకు అమెరికా ఆహార, ఔషధ శాఖ 2001లో అనుమతించినది. పండ్ల విషయములో దీనిని రెండు విధములుగా వాడుతారు. మొదటిది కడుగుట. ఓజోన్ కలిపిన చల్లని నీటిలో కాయలను కొద్ది నిమిషములు ముంచి తీస్తారు. నీరు ఎంత చల్లగా ఉంటే ఓజోన్ అంత బాగా కరుగుతుంది. రెండవది శీతల గిడ్డంగిలోని గాలికి అతిస్వల్ప మోతాదులో ఓజోన్‌ను నిరంతరము అందించుట.

ఇక ఫలితముల మాట. 2002లో కాలిఫోర్నియాలో ద్రాక్షపైన, పీచ్ పండ్లపైన జరిపిన పరీక్షలు ఇక్కడ చెప్పుకోదగినవి. పదిలక్షల పాళ్ళ గాలికి 0.3 పాలు ఓజోన్ నిలిపిన చల్లని గదిలో, ఒక ద్రాక్షపండు బూజు ప్రక్క పండ్లకు అల్లుకొనకుండ ఆగినది. పీచ్ పండ్లమీద బూజు నూగు పెరుగుట, బీజములు కట్టుట తగ్గినవి. కాని దెబ్బతగిలిన చోట అప్పటికే దిగిన తెగులును ఓజోన్ మాన్పలేదు. కెనడాలో 2001లో ప్రకటించిన మరొక పరిశోధనలో, ఆపిల్, పేరు పండ్లు నిలువజేసిన గదులలోని ఇథిలీన్ ఓజోన్ వలన తగ్గినది. గదిలోని ఇథిలీన్ అన్నమాట గుర్తుంచుకోవాలి. పండు తన కండలో తాను పుట్టించుకొనే ఇథిలీన్ వద్దకు ఓజోన్ పోలేదు.

మన మామిడికి ఈ పాఠము చాలా ముఖ్యమైనది. మామిడికి కోత తరువాత వచ్చే నల్లమచ్చలకు ప్రధానకారణము ఆంత్రాక్నోస్ అనే తెగులు. దాని బీజము మార్కెట్టులో అంటుకొనేది కాదు. పూత, పిందె దశలలోనే, మంచు పడినప్పుడో జల్లు కురిసినప్పుడో తోటలో అంటుకొంటుంది. పచ్చికాయ తోలు క్రింద నిద్రపోతుంది. కాయ మాగి మెత్తబడినప్పుడు మేలుకొని మచ్చలుగా బయటపడుతుంది. ఓజోన్ తోలుమీద పనిచేసేదే గాని తోలు లోపలికి దిగేది కాదు. వీధివాకిట నిలిచిన కావలివాడు కొత్తగా వచ్చే దొంగను ఆపగలడు. ముందే అటకమీద దాగిన దొంగను ఏమి చేయగలడు?

ఆ దాగిన దొంగకు వేరే మందు ఉన్నది. అది వేడినీరు. కోసిన కాయలను 52 డిగ్రీల నీటిలో 5 నుండి 10 నిమిషములు ఉంచితే తోలు క్రింది తెగులు చాలవరకు అణగుతుంది. ఉష్ణమాపకము లేకుండ చేతితో తాకి అంచనా వేసే పని కాదిది. రెండు మూడు డిగ్రీలు ఎక్కువైతే కాయ ఉడుకుతుంది, తక్కువైతే తెగులు బ్రతుకుతుంది. జపాను దేశము 2006లో మన మామిడికి తలుపు తెరచినప్పుడు ఈగపురుగు భయము తీర్చుటకు ఆవిరివేడి చికిత్సను షరతుగా పెట్టినది. ఆనాడు అనుమతించిన రకములలో మన బంగినపల్లి ఒకటి. అమెరికా 2007లో అనుమతించినప్పుడు కోరినది కిరణ చికిత్స. అంటే ప్రపంచమంతటా కాయను దాటించేది ఏదో ఒక్క విద్య కాదు. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క విద్య. ఓజోన్ ఆ వరుసలో ఒకటి.

మోతాదు పెంచితే ఫలితము పెరుగుతుందనుకొనుట కూడా పొరపాటే. ఓజోన్ బూజును దహించినట్లే పండు తోలును కూడా దహించగలదు. ఎక్కువైతే అరటి తోలుమీద నల్లని చుక్కలు లేస్తాయి. స్పెయిన్ దేశములో 1999లో స్ట్రాబెర్రీ పండ్లపై జరిపిన పరీక్షలో ఓజోన్ వలన పండ్ల సువాసన తగ్గినది. వాసనతోనే వీధిని పిలిచే చిన్న రసానికి ఇది చిన్న నష్టము కాదు. కనుక ఏ రకానికి ఎంత మోతాదు, ఎన్ని గంటలు అన్నది అమ్మకందారు చీటీని చూసి నిర్ణయించకూడదు. నూజివీడులో మామిడి పరిశోధనా స్థానము ఉన్నది. వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయము ఉన్నది. కొద్ది కాయలమీద అట్టివారి సలహాతో పరీక్షించి చూచిన తరువాతనే లారీ సరుకును ఒప్పజెప్పాలి.

మనుషుల క్షేమము మాట ఇంకా గట్టిగా చెప్పాలి. ఆకాశములో ఎత్తున ఓజోన్ పొర మనలను సూర్యుని తీక్ష్ణకిరణములనుండి కాపాడుతున్నది. అందువలన ఓజోన్ ఎక్కడ ఉన్నా మేలు చేసేదే అని చాలమంది భావిస్తారు. ఊపిరితిత్తులకు అది శత్రువు. కండ్లు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది, ఉబ్బసము ఉన్నవారిని ఆయాసపెడుతుంది. ఎనిమిది గంటలు పనిచేసే చోట పదిలక్షల పాళ్ళ గాలికి 0.1 పాలు మించరాదని అమెరికాలో కార్మికుల రక్షణ నియమము. అయిదు పాళ్ళు అయితే వెంటనే ప్రాణాపాయ స్థితి. ఇంతకుముందు చెప్పిన గిడ్డంగి మోతాదు 0.3 అని గుర్తుకు తెచ్చుకొనండి. అంటే పండుకు మేలుచేసే గాలిలో మనిషి పనిచేయరాదు. యంత్రము ఆపి, తలుపులు తెరచి, గాలి మారిన తరువాతనే కూలీలను లోపలికి పంపాలి. వాసన రావడము లేదు గనుక ప్రమాదము లేదనుకొనరాదు. కొంతసేపు అక్కడ నిలిస్తే ముక్కు ఆ వాసనకు అలవాటుపడి చెప్పడము మానుతుంది. కొలిచే పరికరము ముక్కుకంటె నమ్మదగినది. ఓజోన్ రబ్బరును కూడా చీల్చుతుంది కనుక తలుపుల అంచులను, గొట్టములను తరచు చూచుకోవాలి.

అయితే ఓజోన్ వద్దంటున్నారా అని శ్రోతలు అడుగవచ్చును. వద్దనడము మా ఉద్దేశము కాదు. దాని స్థానము ఎక్కడో చెప్పడము మా ఉద్దేశము. పని వరుస ఇది. కాయ ముదిరినదాకా ఆగాలి. రాలగొట్టకుండ చిక్కముతో, తొడిమతో సహా కోయాలి. కోసిన కాయను నేలమీద పోయకుండ నీడలో గోనెలమీద పరచాలి. తొడిమ కత్తిరించి, తలక్రిందులుగా ఉంచి సొన కారిపోనివ్వాలి. మంచినీటితో మట్టి, సొన పోయేదాకా కడగాలి. ఈ మెట్టు విడిచిపెడితే ఓజోన్ అంతా ఆ మురికిమీదనే ఖర్చయి, బూజు దాకా చేరదు. దెబ్బతిన్న కాయను వేరుచేయాలి. తెగులు ఉన్న ఏడు వేడినీటి చికిత్స చేయాలి. తరువాత చల్లార్చి 13 డిగ్రీల దాపున, తగిన తేమతో నిలువజేయాలి. అట్లు నిలువజేస్తే ముదురు పచ్చికాయ రెండు మూడు వారములు ఆగగలదు. అంతకంటె చల్లబరచితే మామిడికి చలిదెబ్బ తగిలి, తోలు నల్లబడి, సరిగా మాగదు. కనుక గుంటూరు ప్రాంతములో మిరపకాయలకు నడిపే గిడ్డంగి చలి మామిడికి పనికిరాదు. ఇన్ని మెట్లు ఎక్కిన తరువాత ఓజోన్ వచ్చి, గదిలో బూజు వ్యాపించకుండ, ఇథిలీన్ పేరుకొనకుండ కాపలా కాస్తుంది. క్రింది మెట్లు లేకుండ పై మెట్టు నిలువదు.

రెండెకరాల తోట ఉన్న రైతు ఒక్కడే ఇదంతా సమకూర్చుకోలేడు. ఓజోన్ యంత్రముకంటె చల్లని గదికి, ఆ గదికంటె దానిని రేయింబవళ్ళు నడిపే విద్యుత్తుకు ఖర్చు ఎక్కువ. ఇబ్రహీంపట్నములో 1979నుండి ఉష్ణవిద్యుత్ కేంద్రము నడుస్తున్నది. తోటల కాయ అదే ఊరి మీదుగా పోతున్నది. కరెంటు పుట్టే చోటనే కాయ దిగి, కడుగబడి, చల్లబడి, తరువాత దూరప్రయాణము చేయవచ్చునన్న ఆలోచన రైతు సంఘములకు రావలసినదే. నలుబదిమంది కలిసి ఒక కడిగే తొట్టి, ఒక వేడినీటి తొట్టి, ఒక చల్లని గది పెట్టుకొంటే, ఓజోన్ యంత్రము కొనడము ఆఖరి చిన్న ఖర్చు అవుతుంది. యంత్రము ముందు కొని గదికోసము వెతికేవారికి అదే పెద్ద నష్టము.

ఇక గృహిణులకు రెండు మాటలు. కూరగాయలు, పండ్లు కడిగే చిన్న ఓజోన్ యంత్రములు ఇప్పుడు అంగళ్ళలో దొరుకుతున్నవి. అవి తోలుమీది క్రిములను తగ్గించగలవు. పైన అంటుకొన్న కొన్ని పురుగుమందులను కూడా కొంత విరచగలవు. కాయలోనికి ఇంకిన మందును తీయలేవు. కార్బైడుతో మాగిన పండును మంచిపండుగా మార్చలేవు. వాడేటప్పుడు వంటింటి కిటికీలు తెరచియుంచండి, పిల్లలను దగ్గరకు రానీయకండి. యంత్రము లేదని చింతించనక్కరలేదు. ధారగా పడే నీటిలో చేతితో రుద్ది కడిగితే మురికి, క్రిములు చాలవరకు పోతాయి. పచ్చిమామిడిని మాగకముందే శీతలపేటికలో పెట్టకండి. పండిన అరటిగెలను ఇతర పండ్లకు దూరముగా వ్రేలాడదీయండి. మచ్చపడిన పండును బుట్టలోనుండి వెంటనే తీసివేయండి. ఈ చివరి పని ఇంటిలో చేసే ఓజోన్ పని వంటిదే. చెడిన ఒకటి మిగిలినవాటికి అంటకుండ ఆపుతుంది.

కొత్త విద్య వచ్చినప్పుడు దానిని దేవతగా పూజించేవారు కొందరు, భూతముగా చూచేవారు కొందరు. రెండు విధములా నష్టపోయేది దానిని వాడుకోవలసినవాడే. ఓజోన్ చెడిన కాయను బాగుచేయలేదు, లేతకాయను ముదరబెట్టలేదు. తోటలో రైతు, చిక్కము పట్టిన కూలి, లారీమీద సరుకు సర్దినవాడు పండులో ఏ మంచితనమును నిలిపినారో దానిని మరి కొన్ని రోజులు కాచియుంచగలదు. ఆ కొన్ని రోజులలోనే రైతు ధర ఉన్నది, మన పిల్లల నోటి రుచి ఉన్నది.